రెండో చీటీ

2024 జనవరి 17, బుధవారం

ఈ డైరీ కంభంలో విత్తనాల దుకాణం వాళ్ళు ఊరికే ఇచ్చింది. పేజీకొక పురుగుమందు సీసా బొమ్మ. అంగన్‌వాడీ రిజిస్టర్లు రాసి రాసి నా వేళ్ళు ఇప్పటికే కాయలు కాశాయి, మళ్ళీ ఇదొకటి నెత్తికెత్తుకున్నాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే తల పగిలేలా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఏదున్నా శ్యాంసన్‌తోనే చెప్పుకున్నాను. ఇది ఆయనతో చెప్పేది కాదు.

గుంటూరు వెళ్ళి వచ్చాం. ఆయన గొంతులో ఎడమ టాన్సిల్ మీద ఉన్న పుండు క్యాన్సరేనని పోయిన నెల తేలింది. తొలి దశలోనే దొరికింది, నయమవుతుంది అని డాక్టర్ విజయగారు నాలుగుసార్లు చెప్పింది. ఒక్కసారి చెబితే నమ్మేదాన్ని.

ముందు ఐదు వారాలు గొంతంతటికీ కరెంటు పెడతారు. రేడియేషన్ అనే మాట ఇక్కడ ఎవరికీ పట్టదు, అందరూ కరెంటనే అంటారు. ఆ తర్వాత పుండు ఉన్న చోటికి మాత్రం గట్టిగా ఇంకో విడత ఇస్తారు. దాన్ని బూస్ట్ అంటారట. "పాలల్లో కలుపుకునేదా డాక్టరమ్మా?" అని శ్యాంసన్ అడిగితే ఆమె కూడా నవ్వింది. దారిలో మళ్ళీ ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. "చేనంతా తడి పెట్టినాక, తెగులు తగిలిన చెట్టు మొదుట్లో ఇంగో బిందె పోసినట్టు."

ఆ బిందె పోయడానికి రెండు దారులున్నాయి. ఒకటి మిషన్. మూడు రోజులు, రోజుకు అరగంట, బయటి నుంచే గురి చూసి కొడతారు. కోత లేదు, మత్తు లేదు. రెండోది ట్యూబులు. మత్తిచ్చి గొంతు లోపల సన్నటి ట్యూబులు గుచ్చి, వాటిలోంచి అదే కరెంటు పుండు దగ్గరికే పంపిస్తారు. ఆ కొన్ని రోజులు ఊపిరి కోసం మెడ ముందు రంధ్రం పెడతారు. తర్వాత అది మూసుకుపోతుంది.

"జబ్బు పోవడంలో రెండూ ఇంచుమించు సమానమే. కాకపోతే ట్యూబులైతే చుట్టుపక్కల లాలాజలం ఊరే గ్రంథులకు కొంచెం తక్కువ దెబ్బ తగలొచ్చు. మీరు పాడే మనిషి కాబట్టి చెబుతున్నాను, అటువైపు ఆలోచించండి. గ్యారంటీ అయితే ఇవ్వలేను" అంది ఆమె.

పాడే మనిషే. ఆటోకు మైకు కట్టుకుని అర్ధవీడు నుంచి పొదిలి దాకా చాటింపు వేసేది ఆయనే. సంతైనా, చావైనా, టీకాలైనా శ్యాంసన్ గొంతులోంచి రావాల్సిందే. ఆదివారం గుడిలో పాట ఎత్తుకునేదీ ఆయనే.

మెడకు రంధ్రం అని ఆమె అన్నప్పటి నుంచి నాకు నాయన కనిపిస్తున్నాడు. మా నాయన జీవానందం మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఆఖరి ఏడు నెలలు మెడలో గొట్టంతో బతికాడు. రంధ్రానికి వేలు అడ్డం పెట్టుకుని నా పేరు పిలిచేవాడు. సైకిలు ట్యూబులోంచి గాలి పోయిన చప్పుడు వచ్చేది. అది నా పేరని నాకు మాత్రమే తెలిసేది. ఒక్కోసారి తెలిసి కూడా పలికేదాన్ని కాదు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

జనవరి 18

శ్యాంసన్ ట్యూబుల వైపే మొగ్గుతున్నాడు.

"వారం దినాలు రంధ్రం ఉంటే ఏమైతాది? మూసుకపోతాదని చెప్పింది గదా. నాకు పాట కావాల కేథరీ."

"పాట ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?"

"రెండిట్లోనూ ప్రాణం ఒకటేనంట. ఇంగ్లీషు కాయితం చదివి చెప్పింది నువ్వే గదా."

నేనే చెప్పాను. నా చదువు తగలెయ్య. ఏడ్చాను, అన్నం మానేశాను, మా నాయన సంగతి ఎత్తాను. ఆఖరికి ఆయనే, "మనిద్దరం కొట్లాడుకునేది ఎందుకు? ఆదివారం చీటీలేద్దాం. ఆయన ఏది చెప్తే అది" అన్నాడు. ఆయన అంటే దేవుడు.

జనవరి 21, ఆదివారం

మా సంఘంలో పెద్ద పని ఏది తలపెట్టినా చీటీలు వేస్తారు. బోరు ఎక్కడ వెయ్యాలి, పిల్లను ఎవరికియ్యాలి, అన్నిటికీ అంతే. ఒక పూట ఉపవాసం ఉండాలి. పాస్టరు కృపాకర్ అయ్యగారు ప్రార్థన చేస్తాడు. రెండు చీటీలు కానుకల సంచిలో వేస్తే, పని ఎవరిదో వాళ్ళే కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. మిగిలిన చీటీని విప్పకూడదు. జవాబు వచ్చాక రెండోది చూడటమంటే దేవుణ్ణి అనుమానించడమని అయ్యగారు చెబుతాడు. దాన్ని అట్లాగే కాల్చేస్తారు.

దస్తూరి బాగుంటుందని ఎప్పుడూ చీటీలు నాచేతే రాయిస్తారు. ఇవాళ కూడా నేనే రాశాను.

శ్యాంసన్ చెయ్యి పెట్టి తీశాడు. మిషన్ అని వచ్చింది. ఒక్క క్షణం ఆయన ముఖం పడిపోవడం చూశాను. ఒక్క క్షణమే. తర్వాత చేతులెత్తి "స్తోత్రం" అన్నాడు.

మిగిలింది తీసుకెళ్ళి పొయ్యిలో వేశాను. చిన్న కాగితం. దేవుడు ఇచ్చిన జవాబు మంచిదే. నాకు మనసు తేలిగ్గా ఉంది.

జనవరి 22

తేలిగ్గా ఉంది.

ఫిబ్రవరి 12, సోమవారం. గుంటూరు

ఆసుపత్రి వెనక గది తీసుకుని ఉంటున్నాం. ఇవాళ్టికి పదకొండు కరెంట్లు అయ్యాయి. తెల్లటి జాలీ లాంటి మాస్కును వేడి చేసి ఆయన ముఖానికి అచ్చు పోశారు. రోజూ అది తొడిగి, బల్లకు బిగించి, అందరూ బయటికి వచ్చేస్తారు. గాజు వెనక టీవీలో చూడనిచ్చారు ఒకసారి. కదలకుండా పడుకున్న ఆ మనిషి శ్యాంసనేనా అని అనుమానం వచ్చింది. ఇక చూడనన్నాను.

ఫిబ్రవరి 27

జావ కూడా దిగడం లేదు. గొంతు లోపల పచ్చి పుండు. మాట్లాడాలంటే పలక మీద రాస్తున్నాడు. పలక నేనే కొనిచ్చాను. పలకలు కోసిన మనిషి కూతురిని కదా, ఇంకేం తట్టలేదు.

"ఏడవగాకు" అని రాశాడు. నేను ఏడవడం లేదు.

మార్చి 8, శుక్రవారం

మిషన్ బూస్ట్ మూడోది అయిపోయింది. బయటికి వచ్చి పలక మీద రాశాడు: "నొప్పే లేదు. దేవుడు మంచిది ఏరినాడు."

నేను బాత్రూములోకి పోయి కొళాయి తిప్పుకుని చాలాసేపు కూర్చున్నాను.

మాస్కు మీరే తీసుకెళ్ళండి అన్నారు. వద్దన్నాను. శ్యాంసన్ సంచిలో పెట్టుకున్నాడు, జ్ఞాపకమట.

మార్చి 10

నిన్న ఇంటికి రాగానే మాస్కును మేకుకు తగిలించాడు. కళ్ళు లేని ముఖం, ఆయన ముక్కు, ఆయన గడ్డం. తెల్లారేసరికి అటక మీద దాచేశాను.

జూన్ 5, బుధవారం

పుండు లేదు! స్కానింగులో ఎక్కడా ఏమీ లేదు. విజయగారు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించింది. రైల్లో అందరికీ జీళ్ళు పంచాను, ముక్కూముఖం తెలియని వాళ్ళకు కూడా. శ్యాంసన్ నవ్వుతూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బతికాడు. నా మనిషి బతికాడు. ఇంకేం కావాలి నాకు?

చేసింది మంచికే అయింది.

పై వాక్యం కొట్టేద్దామనుకుని ఉంచాను.

ఆగస్టు 13, మంగళవారం

ఆయనకు నోరు ఎండిపోతోంది. నాలుగు మాటలకు ఒకసారి నీళ్ళు. అన్నం నీళ్ళతో మింగాలి, కారం తగిలితే కళ్ళమ్మట నీళ్ళు. మొన్న ఆదివారం పాట ఎత్తుకోబోయాడు. మొదటి చరణం సగంలో గొంతు బొంగురుపోయి నాలుక అంగిటికి అంటుకుంది. జనం తలలు వంచుకున్నారు. ఎవరో ఆడపిల్ల అందుకుని పాట ముగించింది. ఆయన వచ్చి ఆఖరి వరసలో మగవాళ్ళ వెనక కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన అక్కడ కూర్చోగా నేను చూడలేదు.

ఆసుపత్రిలో గొంతుకు, దవడకు చేసుకునే కసరత్తుల కాగితం ఇచ్చారు. రోజుకు మూడుసార్లు చేయాలి. చేయడు. "ఆయన తీసుకున్నదాన్ని నేను గుంజుకుంటానా? వద్దులే" అంటాడు.

ఇవాళ సెంటర్లో పిల్లలకు గుడ్లు పెడుతున్నాను. బయట శ్యాంసన్ గొంతు వినిపించింది. "రండమ్మా రండి, కర్నూలు ఉల్లిగడ్డలండీ, తెచ్చినామండీ, తూకంలో మోసం లేదండీ." నున్నటి, నిండు గొంతు. గుడ్ల గిన్నె కింద పడేసి వీధిలోకి పరిగెత్తాను. ఉల్లిగడ్డల విజయ్ కుమార్ ఆటో. మూడేళ్ళ కిందట శ్యాంసన్ రికార్డు చేసిచ్చిన మాటలు, ఇంకా అవే వేసుకుని తిరుగుతున్నాడు.

సాయంత్రం ఇంటికి వస్తే ఈయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "విన్నావా? బాగా పలికినాడు గదా" అని నీళ్ళు తాగాడు. పలికినాడు అన్నాడు. పలికినాను అనలేదు.

అక్టోబరు 6, ఆదివారం

గుడిలో సాక్ష్యం చెప్పాడు. లోటా పక్కన పెట్టుకుని, ఆగి ఆగి.

"నేను ట్యూబులు కోరుకున్నాను. దేవుడు మిషన్ ఏరినాడు. నాకు తెలీనిది ఆయనకు తెలుసు. నా ప్రాణం ఇచ్చినాడు, నా పాట తీసుకున్నాడు. ఇచ్చినదానికీ స్తోత్రం, తీసుకున్నదానికీ స్తోత్రం."

ఆడవాళ్ళందరూ కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అయ్యగారు చీటీల గొప్పతనం మీద అరగంట మాట్లాడాడు. అందరూ నా వైపు చూసి తల ఊపారు, రాసిన చెయ్యి నాది కాబట్టి. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అక్టోబరు 7

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఈ డైరీ ఎందుకు.

రెండు చీటీల్లోనూ నేను మిషన్ అనే రాశాను.

ఆయన ఏది తీసినా అదే వచ్చేది. దేవుడికి ఏరుకోవడానికి నేను ఏమీ మిగల్చలేదు. మెడలో రంధ్రంతో ఆయన నన్ను పిలుస్తాడేమోనని భయపడ్డాను. వారం రోజుల రంధ్రాన్ని నేను చూడలేనని ఆయన జన్మంతా పాడుకోవాల్సిన గొంతును తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను.

నవంబరు 20, బుధవారం. గుంటూరు

ఆయన రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు విజయగారిని ఒంటరిగా అడిగాను. "ఆ రోజు ట్యూబులు పెట్టించి ఉంటే పాడేవాడా మేడమ్?"

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "ఏమో అమ్మా. ట్యూబులు పెట్టించుకున్న వాళ్ళలో నోరు ఎండినవాళ్ళున్నారు. మిషన్ వాళ్ళలో హాయిగా మాట్లాడేవాళ్ళున్నారు. ఎక్కువమందిని లెక్కేసి ఇది కొంచెం మేలు, అది కొంచెం మేలు అని చెప్పగలం. మీ ఆయన ఒక్కడికీ రెండూ చేసి చూడలేం కదా."

"అంటే పాడేవాడేమో."

"పాడేవాడేమో. పాడేవాడు కాదేమో. ఆ కసరత్తులు చేస్తే ఇప్పటికైనా కొంత తిరిగొస్తుంది, ఎందుకు చేయడం లేదు?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. చెప్పలేదు.

డిసెంబరు 3

ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతున్నాడు. పిచ్చిదాన్ని కాలేదు, తెలిసే రాస్తున్నాను. ట్యూబులు పెట్టించుకున్న శ్యాంసన్. మెడ ముందు చిన్న మచ్చ ఉంటుంది. గోంగూర పచ్చడి నంజుకుని నీళ్ళు లేకుండా అన్నం తింటాడు. స్నానం చేస్తూ రాగం తీస్తాడు. ఈయన లోటా ఎత్తిన ప్రతిసారీ ఆయన ఈయన వెనక నిలబడి నన్ను చూస్తాడు. ఏమీ అనడు. ఉల్లిగడ్డల ఆటో వచ్చిన రోజు మాత్రం మాట్లాడతాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ రెండు కంచాలకు మూడు పెట్టాను. "జాన్సీ వస్తాందా?" అని అడిగాడు శ్యాంసన్. మా అమ్మాయి ఒంగోలులో నర్సింగు చదువుతోంది. "వస్తానంది, రాలేదు" అన్నాను. ఇదొక కొత్త అబద్ధం.

డిసెంబరు 31

గుడిలో ఏటా ఈ రాత్రి అందరూ సంచిలో చెయ్యి పెట్టి, కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దానపు కార్డు ఒకటి తీసుకుంటారు. నేను చెయ్యి పెట్టలేకపోయాను. గొంతు నొప్పి, ఇంటికి పోతానన్నాను. గొంతు నొప్పట! ఈ మాట అనడానికి నాకు సిగ్గుండాలి.

2025 జనవరి 21

ఏడాది.

మార్చి 12, బుధవారం

రోశమ్మ పెద్దమ్మకు గొంతులో గడ్డ. కూలికి పోయే మనిషి, మా సంఘమే, మా అమ్మ వైపు చుట్టం. ఈమెకూ తొలి దశేనట. ఐదు వారాలు కరెంటు పెట్టించుకుంటే నయమవుతుందని ఒంగోలులో చెప్పారు. కొడుకు జీవన్ కుమార్ గుంటూరు తీసుకెళ్తానంటున్నాడు. ఈమె అడవి పక్క పల్లెలో పసరు పోసే ముసలాయన దగ్గరికి పోతానంటుంది.

ఇవాళ మా ఇంటికే వచ్చింది. "అల్లుడికి చీటీల్లో దేవుడు చెప్పినాడు గదమ్మా. నాకూ చెప్పనీ. కరెంటంటే కరెంటు, పసరంటే పసరు. ఆదివారం కాదు, పై ఆదివారం పెట్టించినాడు అయ్యగారు. నువ్వే రాయాల బిడ్డా, నీ చెయ్యి మంచిది."

శ్యాంసన్ సంతోషంగా, "రాస్తాది అత్తా, రాయకుండా ఏంది" అన్నాడు. ఏడాదిలో ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు. తన పాట పోయినందుకు ఒక మనిషికి దారి దొరుకుతోందని ఆయన ఆనందం.

మార్చి 22, శనివారం

మింగలేను, కక్కలేను.

నిజాయితీగా రాస్తే సగానికి సగం పసరు వస్తుంది, మనిషి చస్తుంది. రెండిట్లోనూ కరెంటు అని రాస్తే మనిషి బతుకుతుంది. అంత మాత్రానికి ఆలోచన ఎందుకు, రాసెయ్ అని ఒక మనసు. పోయినేడు కూడా ఇదే మనసు ఇంత తియ్యగా మాట్లాడింది. తర్వాత ఇంకెవరో వస్తారు. వాళ్ళకు ఏది మంచిదో కూడా నేనే తేలుస్తాను. ఊరంతా నా దస్తూరిని దేవుడనుకుంటుంది.

చెప్పేస్తే రోశమ్మ పెద్దమ్మ ఏం చేస్తుందో తెలియదు. శ్యాంసన్ ఏమవుతాడో అదీ తెలియదు. దేవుడు తీసుకున్నాడనే ఒక్క మాట పట్టుకుని ఆయన ఏడాది నుంచి బతుకుతున్నాడు. ఆ మాట లాగేస్తే ఆయనకు ఏం మిగులుతుంది? ఒక ఎండిన నోరు, దొంగ పెళ్ళాం.

మార్చి 23, ఆదివారం

ఆరాధన అయ్యాక ఇరవైమంది దాకా ఉండిపోయారు. రోశమ్మ పెద్దమ్మ ఉపవాసంతో చాప మీద కూర్చుంది. శ్యాంసన్ కానుకల సంచి పట్టుకుని నిలబడ్డాడు. అయ్యగారు నా చేతికి రెండు కాగితాలు, పెన్ను ఇచ్చాడు. మొదటి దాని మీద క అని రాశాను. పెన్ను కింద పెట్టేశాను.

"అయ్యగారూ, ఆగండి" అన్నాను. "పోయినేడు రెండు చీటీల్లోనూ మిషన్ అనే రాసినాను."

ఎవరికీ అర్థం కాలేదు. ఒకామె నవ్వింది కూడా. "ఏందమ్మా కేథరినమ్మా?" అన్నాడు అయ్యగారు.

"దేవుడు ఏరలేదు అయ్యగారూ. ట్యూబులు వద్దని నేనే ఏరినాను. మా నాయన మాదిరి మెడలో రంధ్రం చూడలేక. రెండిట్లోనూ ఒకటే మాట రాసి సంచిలో ఏసినాను."

నేను శ్యాంసన్ వైపు చూడలేదు. చూడలేకపోయాను. ముందు రోశమ్మ పెద్దమ్మే మాట్లాడింది.

"మరి ఇప్పుడు నా సంగతేంది?"

"చీటీ వద్దు పెద్దమ్మా."

"చీటీ వద్దంటే నాకెవరు చెప్పాల?"

"నేను చెప్తాను. పసరు వద్దు, గుంటూరు పోదాం. నేను నీ ఎంట వస్తాను."

"నువ్వు చెప్పింది తప్పైతేనో?"

"తప్పైతే తప్పు నాదే. దేవుని మీద పెట్టను."

"సరే. అన్నం పెట్టించు ముందు, ఉపవాసంతో కళ్ళు తిరుగుతాండాయి" అంది. జీవన్ కుమార్ పరిగెత్తుకెళ్ళి నీళ్ళు తెచ్చాడు.

అప్పుడు చూశాను. శ్యాంసన్ సంచిని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోతున్నాడు. పరిగెత్తి పట్టుకోవడానికి నాకు ముఖం లేదు.

మార్చి 24

మాట్లాడలేదు.

మార్చి 26

మాట్లాడలేదు. గుడ్డలు తనే ఉతుక్కున్నాడు. జాన్సీ ఫోన్ చేస్తే, "మీ అమ్మను అడుగు" అని నాకిచ్చాడు. మూడు మాటలు. అవైనా నాతో కాదు.

మార్చి 31, సోమవారం. గుంటూరు

రోశమ్మ పెద్దమ్మను చేర్పించాం. రేపు ఆమె ముఖానికి మాస్కు అచ్చు తీస్తారు. "ఫొటో తీసినట్టేనా?" అని అడిగింది. అంతేనన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని ఉండగా నాకు హఠాత్తుగా భయం వేసింది. ఈమెకు ఏదైనా అయితే? నేను చెప్పాను కాబట్టే వచ్చింది. చీటీ మీద తోసెయ్యడం ఎంత సుఖమో ఇప్పుడు తెలిసింది. జీవన్ కుమార్‌ను తోడు పెట్టి సాయంత్రం రైలెక్కాను.

ఏప్రిల్ 3, గురువారం

వరసగా రాస్తాను.

పొద్దున పప్పు చేశాను. పరధ్యానంలో రెండుసార్లు కారం వేసినట్టున్నాను. శ్యాంసన్ మొదటి ముద్ద పెట్టుకోగానే ముఖం కందిపోయింది. ఉమ్మేశాడు. నీళ్ళు తాగాడు, మళ్ళీ తాగాడు. కంచం తోసేసి లేచాడు.

"మతి ఉండాదా నీకు? కారం తినలేనని తెల్దా?"

పదకొండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "చూసుకోలే" అన్నాను.

"చూసుకోలేదా? అన్నీ నువ్వే గదా చూసేది! నేను ఏం తినాలో నువ్వే, నా గొంతులో ఏం పెట్టాలో నువ్వే. నువ్వెవరివే? నా గొంతు మీద చీటీ రాసేదానికి నువ్వెవరివి?"

గొంతు పగిలిపోయింది. నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నాడు.

"పద్నాలుగు నెలలాయ. లోపల మండిపోతాంటే స్తోత్రం, స్తోత్రం అంటా తిరిగినాను. అడగాలనిపించేది నాకు. నా పాటే దొరికిందా స్వామీ, ఇంగేం దొరకలేదా అని. ఎట్ల అడుగుతాను? నా చేత్తో నేనే తీస్తినే! కళ్ళు మూసుకోని, సంచిలో చెయ్యి పెట్టి నేనే తీస్తినే! దేవుని మీద కోపం పెట్టుకోకూడదని నా మీద నేనే పెట్టుకున్నా. నాలో ఏదో పాపం ఉండాదనుకున్నా, అందుకే తీసుకున్నాడనుకున్నా. ఏం పాపం చేసినానా అని చిన్నప్పటి సంగతులు కూడా తవ్వుకున్నాను. తెల్సా నీకు?"

తెలియదు. పాపమని అనుకుంటున్నాడని నాకు తెలియదు. నేను చేసినదాంట్లో ఇది అన్నిటికంటే ఘోరం, నా ఊహకే రాలేదు.

"నన్ను కొట్టయ్యా" అన్నాను.

"కొట్టను. తిడతాను. ఇన్నాళ్ళకు తిట్టేదానికి ఒక మనిషి దొరికింది, నన్ను తిట్టనీ."

తిట్టాడు. నన్ను, మా నాయనను, నా దస్తూరిని, మా నాయన కోసిన పలకలన్నిటినీ. పెళ్ళైన కొత్తలో ఆయనకు చెప్పకుండా రేడియో అమ్మేసిన సంగతి కూడా తవ్వి తీశాడు. అది నేనే మర్చిపోయాను. ప్రతి నాలుగు మాటలకూ నీళ్ళు తాగాడు. గొంతు చీలింది, కీచుమంది, మధ్యలో పూర్తిగా పోయింది. దగ్గి, దవడ చేత్తో రుద్దుకుని, ఆపిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకున్నాడు. మాస్కు ఎక్కడ దాచావని అడిగాడు. అటక మీద అన్నాను. దించి వీధిలో పారేస్తానన్నాడు. క్షమించలేదు, ఎప్పటికి క్షమిస్తానో తెలియదు, అడగొద్దు అన్నాడు. అడగనన్నాను.

తర్వాత ఆకలేసిందేమో, "కారం లేనిది ఏమన్నా ఉండాదా తినేదానికి?" అన్నాడు. పెరుగన్నం కలిపి తెచ్చాను. తింటూ కూడా తిడుతూనే ఉన్నాడు.

గోడ అవతల నుంచి పక్కింటి భాగ్యమ్మ తల పైకెత్తింది. "ఏంది వదినా, ఏమైంది? శ్యాంసన్ అన్న గొంతు మా వంటింట్లోకి వినపడతాంది!"

"వినపడనీ" అన్నాను.